మ్యూజియంలో చూసినది - సంక్రాంతికి ఇంట్లో అడగవలసినది

 

ఇంకో మూడు వారాల్లో సంక్రాంతి సెలవులు ఇస్తారు. అందరం పెట్టెలు సర్దుకుని తండాలకు, కాలనీలకు వెళ్లిపోతాము. వెళ్లేలోపల ఈ పాఠం ఒకసారి నిలబడి చదవండి. ఇది పరీక్షలో వచ్చే పాఠం కాదు. పోయిన ఏడాది డిసెంబరులో మమ్మల్ని హైదరాబాదు మ్యూజియానికి తీసుకువెళ్లారు. అక్కడ నన్ను ఒక ప్రశ్న అడిగారు. నేను తప్పు జవాబు చెప్పాను. సరైన జవాబు సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో దొరికింది. అది ఎట్లా దొరికిందో రాస్తున్నాను.

1. జానపద మ్యూజియం అనగానేమి?

మ్యూజియం అంటే పాత వస్తువులను చెడిపోకుండా దాచి, అందరికీ చూపించే ఇల్లు. రాజుల కత్తులు, కిరీటాలు పెట్టిన మ్యూజియాలు చాలా కలవు. మామూలు జనం కట్టుకున్న బట్టలు, పెట్టుకున్న నగలు, వాడిన బుట్టలు, వాయించిన డోళ్లు పెట్టినవాటిని జానపద మ్యూజియాలు అంటారు.

ఇట్లాంటి మ్యూజియాలకు దారి చూపినవారిలో స్వీడన్ దేశపు ఆర్తుర్ హాజేలియస్ ముఖ్యుడు. ఆయన 1872లో దాలార్నా అనే ప్రాంతంలో తిరుగుతూ వుంటే పల్లెల్లో పాత బట్టలు కట్టేవాళ్లు తగ్గిపోవడం చూశాడు. ఇంకొన్నాళ్లు ఆగితే చూద్దామన్నా వుండవని భయపడి కొనడం మొదలుపెట్టాడు. మొదట్లో కొన్నవాటిలో ఒక పల్లెటూరి ఆడమనిషి పావడా వుంది. మరుసటి ఏడాది, 1873లో, స్టాక్‌హోం నగరంలో వాటిని జనానికి చూపించాడు. తర్వాత 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియం తెరిచాడు. పల్లెల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ దేశంలో డిసెంబరు నెలలో పగలు చాలా తక్కువ, రాత్రి చాలా ఎక్కువ. అందుకని డిసెంబరు 13న లూసియా పండుగ చేస్తారు. ఒక అమ్మాయి తెల్ల గౌను వేసుకుని, తలమీద కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని ముందు నడుస్తుంది. స్కాన్సెన్‌లో క్రిస్మస్ సంత 1903 నుంచి జరుగుచున్నది. అంటే అక్కడ బట్టలతో పాటు చలికాలపు పండుగలను కూడా దాచుకున్నారన్నమాట.

మనవైపు చూస్తే, అరకులోయలో 1996లో గిరిజన మ్యూజియం పెట్టారు. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర నెహ్రూ సెంటినరీ గిరిజన మ్యూజియం వుంది. 2014లో రాష్ట్రం రెండయిన తర్వాత అది తెలంగాణలోకి వెళ్లింది. మేము చూసింది ఆ మ్యూజియమే.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోండి. మన పక్కనున్న జగ్గయ్యపేటలో బౌద్ధస్తూపం వుంది గదా. 1882లో జేమ్స్ బర్జెస్ అనే ఆయన అక్కడ తవ్వించాడు. అక్కడ దొరికిన పలకల్లో ఒకదాని మీద చక్రవర్తి బొమ్మ వుంది. చెయ్యి పైకి ఎత్తితే మేఘాల్లోంచి నలుచదరపు నాణేలు వానలాగా పడుతుంటాయి. తలకు పాగా, చెవులకు బరువైన కుండలాలు, మెడలో హారాలు, చేతులకు కడియాలు, నడుముకు పంచె. సుమారు 2000 సంవత్సరాల క్రితం మన ప్రాంతపు శిల్పి బట్టలను ఎట్లా చెక్కాడో అందులో చూడవచ్చు. ఆ పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో వున్నది. మన వూరి పక్క బొమ్మను చూడాలంటే మనం చెన్నై వెళ్లాలి.

2. మేము చూసినది

తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సు బయలుదేరింది. బాగా చలి. దుప్పట్లు కప్పుకునే ఎక్కాము. నందిగామ నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైచిలుకు. మన బడి ముందు పోయే 65వ నంబరు రోడ్డే (పెద్దవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డు అంటారు) నేరుగా హైదరాబాదు చేరుస్తుంది.

మ్యూజియంలో చెంచులు, కోయలు, గోండులు, సవరలు, లంబాడాలు - ఇట్లా రకరకాల తెగల బట్టలు, నగలు, పనిముట్లు, వాయిద్యాలు కలవు. మనుషులంత ఎత్తు బొమ్మలకు బట్టలు తొడిగి పెట్టారు. లంబాడా బొమ్మ దగ్గరకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ బట్టలు మా నానివి. నాని అంటే మా గోర్ భాషలో అమ్మమ్మ.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. అంతకుముందు దసరా సెలవుల తర్వాత మా నాని నన్ను దించడానికి హాస్టల్‌కు వచ్చింది. ఫేటియా, కాంచళి కట్టుకుని, నెత్తిన టూక్రీ వేసుకుని గేటు దగ్గర నిలబడింది. కొంతమంది పిల్లలు వింతగా చూశారు. నాకు సిగ్గేసింది. "నానీ, ఈసారి వచ్చేటప్పుడు చీర కట్టుకుని రా" అన్నాను. నాని ఏమీ అనలేదు. తర్వాత నెలలో వచ్చినప్పుడు చీర కట్టుకునే వచ్చింది. ఆ చీర మా అమ్మది. నానికి అలవాటు లేక కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయి.

ఆ ఫేటియానే మ్యూజియంలో అద్దం వెనుక వుంది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఎంత బాగుందో అంటున్నారు. నేను ఏమీ అనలేకపోయాను.

అప్పుడు మా క్లాసు ఎరుకల అమ్మాయి, నా పక్క మంచం అమ్మాయే, అడిగింది. "చెంపల పక్కన జుట్టుకు వేలాడుతున్నాయే వెండి గజ్జెలు, అవి మీలో ఆడవాళ్లందరూ పెట్టుకుంటారా?" అని. నేను ఆలోచించకుండా "ఆఁ, అందరూ" అనేశాను. అన్నాక అనుమానం వచ్చింది. మా నానికి అవి వుండటం నేను ఎప్పుడూ చూడలేదు.

3. చలికాలం - వేషం చూసి మనిషిని పోల్చుకునే కాలం

నాని జవాబు చెప్పేముందు సంక్రాంతి గురించి కొంచెం రాయాలి. బట్టలు వూరికే అందానికి కాదు, అవి మాట చెబుతాయి అనేది సంక్రాంతి నెలలో బాగా తెలుస్తుంది.

డిసెంబరు నడిమి నుంచి భోగి వరకు ధనుర్మాసం. పంటలు ఇంటికి వచ్చే కాలం. ఇంట్లో గింజలు వుంటాయి కాబట్టి అడిగేవాళ్లకు పెట్టడానికి చెయ్యి వస్తుంది. అందుకే ఈ నెలలోనే వాకిట్లోకి రకరకాల వేషాల వాళ్లు వస్తారు. వాళ్లు నోరు తెరవకముందే ఎవరో మనకు తెలిసిపోతుంది.

హరిదాసు: పంచె, మెడలో పూలదండ, నుదుట నామాలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో తంబూర, చిడతలు. తలమీద రాగి అక్షయపాత్ర. పొద్దున్నే వస్తాడు. బియ్యం ఆ పాత్రలోనే పోయాలి.

గంగిరెద్దు: ఇక్కడ వేషం ఎద్దుకే ఎక్కువ. పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన రంగురంగుల బొంత, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు. ఆడించేవాళ్లు సన్నాయి, డోలు వాయిస్తారు. మనం ఇచ్చిన పాత చీర మరుసటి ఏడాది ఎద్దు వీపు మీద కనిపించవచ్చు.

బుడబుక్కలవాడు: పెద్ద తలపాగా, ఒకదానిమీద ఒకటి వేసుకున్న పాత కోట్లు, భుజాన శాలువాలు, చేతిలో చిన్న ఢమరుకం. ఇంకా చీకటి వుండగానే వస్తాడు.

సోదెమ్మ: చేతిలో బుట్ట, కర్ర. మెడలో పూసలు. సోది చెప్పడం ఎరుకల ఆడవాళ్ల పాత వృత్తి. "మా ముత్తవ్వ బుట్ట ఇంకా మా ఇంట్లో వుంది" అని మా స్నేహితురాలు చెప్పింది.

ఇక ముగ్గులు, గొబ్బెమ్మలు అందరికీ తెలిసినవే. ఆవుపేడ ముద్దలు చేసి, గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చి ముగ్గులో పెడతారు. మా తండాల్లో ఇట్లాంటిదే దీపావళికి వుంది. అమావాస్య రాత్రి పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి "మేరా" చెబుతారు, అంటే ఆ ఇంటికి మంచి జరగాలని కోరడం. మరునాడు అడవికి పోయి పూలు కోసుకొచ్చి వాకిట్లో పేడముద్దల మీద పెడతారు. దానిని గోధన్ అంటారు. దీపావళి చలికాలం మొదట్లో వస్తుంది, సంక్రాంతి చివర్లో వస్తుంది. రెంటిలోనూ ఆడపిల్లలు, పేడ, పూలు. ఈ పోలిక ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు. ఇంట్లో, వూళ్లో చూసి రాశాను.

4. నాని పెట్టె

భోగి ముందురోజు ఇంటికి చేరాను. మా ఇంట్లోవాళ్లు ఆ రోజుల్లో మిరపకాయలు కోయడానికి పోతారు. నాని ఒక్కతే వుంది. "నానీ, చెంపల పక్కన వేలాడే గజ్జెలు నీకు లేవా?" అని అడిగాను.

నాని కాసేపు వూరుకుని, మంచం కింద నుంచి రేకుపెట్టె లాగమంది. అందులో ఒక గుడ్డమూట. విప్పితే వెండి గజ్జెలు రెండు జతలు. నల్లబడి వున్నాయి.

"వీటిని ఘుగ్రీ అంటారు. పెళ్లయిన ఆడది పెట్టుకునేవి. మీ నానా పోయిన రోజు తీసేశాను. అప్పటికి నువ్వు పుట్టలేదు" అంది.

ఇదీ జవాబు. పెళ్లికాని పిల్లకు వుండవు. భర్త పోయినవాళ్లు తీసేస్తారు. నేను చిన్నప్పటి నుంచి నాని పక్కనే పడుకున్నాను. ఆమె చెంపల పక్కన ఖాళీగా వుండటం రోజూ చూశాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. హైదరాబాదులో అద్దం ముందు వేరే అమ్మాయి అడిగితేనే నాకు అడగాలని తోచింది.

ఆ రెండు రోజుల్లో నాని ఇంకా చాలా చెప్పింది. నోటు పుస్తకంలో రాసుకున్నాను. వాటిలో కొన్ని:

ఫేటియా - పావడా. కుచ్చిళ్లు ఎక్కువ, అడుగున రంగు అంచు.

కాంచళి - రవిక. ముందువైపే బట్ట వుంటుంది, వీపు మీద తాళ్లతో కడతారు. ముందు భాగమంతా అద్దాలు, కుట్టుపని. వీపును టూక్రీ కప్పుతుంది.

టూక్రీ - నెత్తి మీది నుంచి వీపు మీదికి వేసుకునే పొడుగాటి బట్ట.

బలియా - చేతికి వరసగా వేసే గాజులు. పూర్వం ఏనుగుదంతంతో, ఎముకతో చేసేవారు. తర్వాత ప్లాస్టిక్‌వి వచ్చాయి.

హాస్లీ - మెడకు వేసే వెండి కడ్డీ.

అద్దాలు ఎందుకు అని అడిగాను. "అడవిదారిలో పోతుంటే ఎండకు మెరుస్తాయి. ఆ మెరుపుకు జంతువులు దగ్గరకు రావని మా అమ్మ చెప్పేది" అంది. గవ్వలు ఎందుకు అంటే "అవి పూర్వం డబ్బులు" అంది. నాని కాంచళికి పాత పావలాలు, చిల్లులు పెట్టిన పది పైసలు కూడా కుట్టి వున్నాయి.

సెలవుల తర్వాత ఈ సంగతి చెబితే మా సోషల్ సారు ఇంకొంచెం వివరించారు. పూర్వం బంజారాలు మందలు మందలుగా ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగి వ్యాపారం చేసేవారు. ఇల్లు లేదు కాబట్టి వున్న సొమ్మంతా వెండిగా, నాణేలుగా ఒంటిమీదే వుండేది. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. అప్పుడే ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత కాలంలో సుగాలీలను, ఎరుకలను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారన్నమాట. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. బట్టను బట్టి మనిషిని పోల్చుకునే ఆ రోజుల్లో ఈ ఫేటియా కట్టుకుని రోడ్డు మీద నడవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. నేను గేటు దగ్గర కాసేపు వింత చూపులు పడలేక చీర కట్టుకోమన్నాను.

5. అద్దం దాచేది, దాచలేనిది

మ్యూజియంలో బట్టలను ముట్టుకోవద్దంటారు. కారణం వుంది. బట్టకు నాలుగు శత్రువులు - ఎండ, తేమ, పురుగు, మన చేతి చెమట. వెలుతురు ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది. అందుకే లైట్లు తక్కువగా పెడతారు, ఫ్లాష్‌తో ఫోటో తీయనివ్వరు. ఇంట్లో పెట్టెలోనైనా ఇదే జాగ్రత్త. శుభ్రంగా వుతికి ఆరబెట్టాక, పొడిగా, వేపాకు వేసి దాచాలి. అప్పుడప్పుడు తీసి నీడలో ఆరేసి, మడతలు మార్చి మళ్లీ పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్లతరబడి వుంటే అక్కడే చిరుగుతుంది.

కానీ అద్దం కొన్నిటిని దాచలేదు. మా స్నేహితురాలి అవ్వ పూర్వం వూరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేది. ఎరుకల ఆడవాళ్లకు అది పేరుపడ్డ పని. ఆమె చేతిమీద వున్న పచ్చబొట్టును ఏ మ్యూజియమూ బీరువాలో పెట్టలేదు. ఆమె వున్నన్నాళ్లే అది వుంటుంది. బొమ్మ గీసుకోవాలన్నా, ఎవరు పొడిచారో రాసుకోవాలన్నా ఇప్పుడే చెయ్యాలి.

మా క్లాసు యానాది అబ్బాయి ఒకడు "మాకు మీలాగా అద్దాల బట్టలు లేవు గదా, నేనేం రాయను?" అన్నాడు. వాళ్ల తాతకు మునేటిలో ఏ నీళ్లలో ఏ చేప వుంటుందో తెలుసు. ఏ ఆకు ఏ జబ్బుకో తెలుసు. యానాదులకు మూలికల జ్ఞానం ఎక్కువని పుస్తకాల్లో కూడా రాశారు. అది బట్టకన్నా తక్కువదా? మెరిసేది వుంటేనే గొప్ప అనుకోవద్దు.

ఇంకొక ఉదాహరణ. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలకు రెండేళ్లకొకసారి మళ్లీ రంగులు వేయిస్తారు. అందుకోసం జగ్గయ్యపేటకు తీసుకువెళ్లి, రంగులు వేయించి, వూరేగింపుగా తిరిగి తెస్తారు. మ్యూజియంలో అయితే పాత రంగును అట్లాగే వుంచుతారు, కొత్త రంగు వెయ్యరు. రెండూ కాపాడే పద్ధతులే. మొదటిదానికి రంగు వెయ్యడం తెలిసిన చేతులు కావాలి. ఆ చేతులు లేని రోజున రెండోది ఒక్కటే మిగులుతుంది.

మా నాని కుట్టు సంగతీ అంతే. 2023 జూలైలో కర్ణాటకలోని హంపిలో జి-20 సమావేశాలు జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు చేసిన 1755 కుట్టుపని వస్తువులను ఒకచోట పెట్టారు. అది గిన్నిస్ రికార్డు అయింది. అది చదివి నాకు సంతోషమేసింది. కానీ మా నానికి కళ్లు సరిగా ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించలేదు. మా అమ్మకు చేలో పనితో కుట్టు నేర్చుకునే తీరిక లేకపోయింది. మా ఇంట్లో ఇక మిగిలింది నేను. పోయిన సంక్రాంతికి దారం నేను ఎక్కించి ఇచ్చాను, నాని వేలితో తడుముతూ రెండు రకాల కుట్లు చూపించింది. ఈ సంక్రాంతికి మూడోది అడుగుతాను.

6. సెలవుల్లో చేయవలసిన పని

మ్యూజియంలో కార్డు మీద చోటు కొంచెమే వుంటుంది. వస్తువు పేరు, తెగ పేరు పడితే గొప్ప. మిగతాది మన ఇళ్లల్లో పెద్దవాళ్ల దగ్గర వుంది. అందుకని తలా ఒక నోటు పుస్తకం తీసుకువెళ్లి ఈ ప్రశ్నలు అడగండి.

(అ) మన ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువు ఏది? దానిని మన భాషలో ఏమంటారు?

(ఆ) ఎవరు చేశారు? ఎవరి నుంచి ఎవరికి వచ్చింది?

(ఇ) ఎవరు వాడవచ్చు, ఎవరు వాడకూడదు? ఎప్పుడు తీసేస్తారు? ఎందుకు?

(ఈ) చలికాలంలో మన తండాలో, కాలనీలో ఏమేమి చేస్తారు? తాత చిన్నప్పుడు చేసి, ఇప్పుడు మానేసినది ఏది?

(ఉ) చేయడం తెలిసినవాళ్లు ఇప్పుడు ఎంతమంది వున్నారు?

మాట మన భాషలో ఎట్లా పలికితే అట్లాగే తెలుగు అక్షరాల్లో రాయండి. చెప్పినవారి పేరు, వూరు, తారీఖు వెయ్యండి. వస్తువు తీసుకురావద్దు, పోతుంది. బొమ్మ గీసుకు రండి చాలు. చర్చికి పోయేవాళ్లు క్రిస్మస్ సంగతులు రాసినా సరే. పెద్దవాళ్లు చెప్పడం ఇష్టం లేదంటే బలవంతం చెయ్యవద్దు. ఘుగ్రీ మూట విప్పినప్పుడు మా నాని చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా వూరుకున్నాను.

వార్డెన్ గారికి ఒక మనవి. సెలవుల నుంచి వచ్చాక ఈ రాతలన్నీ కలిపి గోడ పత్రిక ఒక సంచిక నింపుతాము. తర్వాత వాటిని చించకుండా కుట్టి లైబ్రరీ బీరువాలో పెట్టించగలరు.

మరొక మనవి. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి మా నాని వస్తుంది. ఫేటియా కట్టుకునే రమ్మని కబురు పంపాను. గేటు దగ్గర ఆమె కనిపిస్తే వింతగా చూడకుండా దగ్గరకు వెళ్లి అడగండి. ప్రతి అద్దం గురించీ చెబుతుంది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
10వ తరగతి